ఎమ్మెల్యేలు, ఎంపీలకి "ఇన్నిసార్లే" అని లిమిట్ పెడితే ఏమవుద్ది?

కాల్వకట్ట కుర్రాడు
అందరికీ నమస్కారం అండి. చాలా రోజుల్నుంచి మనసులో ఉన్నది అడుగుతున్నా. మా ఎమ్మెల్యే గారు ఇప్పటికి నాలుగుసార్లు గెలిచారు. మొదటిసారి గెలిచినప్పుడు మా ఊరొచ్చి మా నాన్న పక్కన అరుగు మీద కూర్చుని, కాల్వ చివరి పొలాలకి నీళ్ళు ఎందుకు ఎక్కట్లేదో అడిగి అడిగి మరీ డైరీలో రాసుకున్నారు, నేనప్పుడు చిన్నోణ్ణి, కళ్ళారా చూశా. మొన్న అదే కాల్వ పూడిక తీయించమని పన్నెండు మందిమి ఆయనింటికి వెళ్తే గేటు దగ్గరే పీఏ కాగితం తీసుకుని సార్‌కి చెప్తాలే అని పంపించేశాడు. వచ్చేటప్పుడు నాన్న దారంతా ఒక్క మాట మాట్లాడలేదు.

అమెరికాలో ప్రెసిడెంట్‌గా రెండుసార్లకి మించి ఎన్నిక కాకూడదని 1951 నుంచి రాజ్యాంగంలోనే ఉంది కదా. మన దగ్గర ఎమ్మెల్యేకి 25 ఏళ్ళు నిండితే చాలు, ఎన్నిసార్లు అనేదానికి హద్దే లేదు. కేరళలో ఊమెన్ చాందీ గారు 1970 నుంచి 2023లో చనిపోయేదాకా ఒక్క పుతుప్పళ్ళి నుంచే ఎమ్మెల్యేగా ఉన్నారు, తమిళనాడులో కరుణానిధి గారు అసెంబ్లీకి 13 సార్లు గెలిచారు. వాళ్ళు పనిచేయలేదని నేననను, జనమే గెలిపించారు. కానీ కొత్తవాళ్ళకి దారెప్పుడు దొరుకుద్ది? రెండుసార్లో మూడుసార్లో అని రూల్ పెడితే మంచిదేనా, తెలిసినవాళ్ళు చెప్పండి.

డెట్రాయిట్ బాబాయ్
మేం మిషిగన్‌లో ఉంటాం, ఇక్కడ ఇది పెట్టి చూశారు కాబట్టి చెప్తున్నా. 1992లో జనమే ఓటేసి రాష్ట్ర దిగువ సభ అయిన స్టేట్ హౌస్‌కి రెండేళ్ళ టర్మ్‌లు మూడు, ఎగువ సభ సెనేట్‌కి నాలుగేళ్ళవి రెండు, జీవితం మొత్తానికి అంతే అని పెట్టుకున్నారు. అంటే హౌస్‌లో ఆరేళ్ళు ఉంటే ఇంక ఇంటికే. వినడానికి బాగుంటుంది కానీ బడ్జెట్ ఎలా తయారవుతుందో, ఏ డిపార్ట్‌మెంట్ లెక్క ఎక్కడ దాస్తుందో అర్థమయ్యేసరికి టైమ్ అయిపోతుంది, పాత సంగతులు గుర్తున్నోళ్ళు ఎవరయ్యా అంటే ఆఫీసర్లూ కంపెనీల తరఫున తిరిగే లాబీయిస్టులూ, వాళ్ళకి టర్మ్ లిమిట్ లేదుగా. చివరికి 2022లో మళ్ళీ ఓటు పెట్టి, ఏ సభలో అయినా సరే మొత్తం 12 ఏళ్ళు అని మార్చారు. నా మట్టుకు నాకు ఆ 12 సరైన లెక్క అనిపిస్తుంది.

ఇంకో సంగతి, ఇదంతా స్టేట్ వరకే. వాషింగ్టన్ వెళ్ళే కాంగ్రెస్ (అంటే అమెరికా పార్లమెంటు) సభ్యులకి రాష్ట్రాలు ఇలా లిమిట్ పెట్టడం కుదరదని అర్కాన్సాస్ కేసులో సుప్రీంకోర్టు 1995లో 5-4 తో కొట్టేసింది. అదే ఏడాది రాజ్యాంగ సవరణ అని ఆ కాంగ్రెస్ దిగువ సభ‌లో ఓటింగ్ పెడితే 227 మంది సరే, 204 మంది వద్దు అన్నారు, మూడింట రెండొంతులు రాక అక్కడే ఆగిపోయింది.

మాజీ సర్పంచ్ అక్క
తమ్ముడూ, ఎమ్మెల్యేలకి లేదు గానీ మాలాంటోళ్ళకి ఆ లిమిట్ ఎప్పుడో ఉంది, పేరే వేరు. పంచాయతీల కోసం చేసిన రాజ్యాంగ 73వ సవరణలో సర్పంచ్ పదవి రిజర్వేషన్ ఊరూరికీ మారుతూ ఉండాలని ఉంది. 2013లో మా ఊరు బీసీ మహిళకి వచ్చింది, అలా నేను సర్పంచ్ అయ్యాను. ఆ రిజర్వేషన్ రాకపోతే నన్ను ఎవరూ నిలబెట్టేవాళ్ళు కాదు, అది ఒప్పుకుంటాను, పదవి చేతులు మారాలి అనే మాట నా విషయంలో నిజంగా మేలే చేసింది.

కానీ మొదటి ఏడాదిన్నర నేను చేసింది కార్యదర్శి పెట్టమన్న చోట సంతకం పెట్టడమే. తీర్మానం బుక్కులో ఖాళీ లైన్లు వదిలి సంతకం చేయకూడదని కూడా తెలీదు, తర్వాత ఎవరేం రాసుకున్నా అది నా మాటే అవుతుంది కదా. పని కొలతలు రాసే పుస్తకం (ఎంబీ)లో రికార్డు చేయకపోతే బిల్లు రాదని, ఇంజినీరు వచ్చి టేపు పెట్టి కొలిచేటప్పుడు మనం పక్కన నిలబడాలని, ఇవన్నీ దెబ్బలు తిని నేర్చుకున్నవే. 2015లో 14వ ఆర్థిక సంఘం డబ్బులు నేరుగా పంచాయతీకి రావడం మొదలయ్యాక ఎస్సీ కాలనీకి పైపులైన్ వేయించాను, అప్పటికి ఎస్టిమేట్ చదవడం వచ్చింది, పైపు సైజు తగ్గిస్తే పట్టుకోగలిగాను. ఇక పని వచ్చింది అనుకునేసరికి 2018లో టైమ్ అయిపోయింది, ఎన్నికలే లేవు, 2021 దాకా స్పెషల్ ఆఫీసర్ పాలన, 2021లో సీటు జనరల్ అయింది. జనరల్ అంటే ఆడవాళ్ళు నిలబడకూడదని ఏ చట్టంలోనూ లేదు, కానీ ఊళ్ళో పెద్దమనుషులు "నీ వంతు అయిపోయిందిగా అమ్మా" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది నాకు.

అందుకే నా మాట ఒకటే, లిమిట్ పెట్టండి కానీ పని నేర్చుకుని చేసి చూపించడానికి సరిపోయేంత పెట్టండి. ఒక్కసారితో పంపిస్తే రాజ్యం కార్యదర్శిదే.

కొచ్చిలో తెలుగోడు
అక్క చెప్పింది అక్షరాలా నిజం. చట్టం లేకుండా పార్టీయే పెట్టుకున్న కేసు ఇక్కడ కేరళలో ఉంది. 2021లో సీపీఎం వరసగా రెండుసార్లు గెలిచినవాళ్ళకి టికెట్ లేదంది, ఆర్థిక మంత్రి థామస్ ఐజాక్, రోడ్ల శాఖ (పీడబ్ల్యూడీ) చూసిన జి. సుధాకరన్‌తో కలిపి ఐదుగురు మంత్రులు పక్కకి తప్పుకున్నారు. అయినా సీపీఎం కూటమి ఎల్డీఎఫ్ 140 సీట్లలో 99 గెలిచింది. కాబట్టి పాతవాళ్ళు లేకపోతే ఓడిపోతాం అని మన పార్టీలు చెప్పేది సాకే అంటాను. కానీ ఆ తర్వాత మంత్రివర్గంలో సీపీఎం తరఫున అందరూ కొత్తవాళ్ళే అన్నారు, కరోనా టైమ్‌లో ఆరోగ్య శాఖ చూసి 60 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచిన కె.కె. శైలజ టీచర్‌ని కూడా పక్కన పెట్టారు, ముఖ్యమంత్రి మాత్రం మారలేదు. రూల్ అంటే పైనున్న మనిషికీ వర్తించాలి కదండీ.

సత్తెనపల్లి మాస్టారు
ఫిలిప్పీన్స్ సంగతి ఎవరూ చెప్పలేదు, అసలు మనం చూడాల్సింది అదే. అక్కడ 1987 రాజ్యాంగం ప్రకారం దిగువ సభకి మూడేళ్ళ టర్మ్‌లు వరసగా మూడే. తొమ్మిదేళ్ళు అవ్వగానే ఆయన దిగుతాడు, భార్యో కొడుకో నిలబడతారు, ఒక టర్మ్ ఆగి మళ్ళీ ఆయనే వస్తాడు. కుటుంబ పాలన నిషేధం అని అదే రాజ్యాంగంలో రాశారు కానీ దాన్ని చట్టం చేయాల్సిన అక్కడి పార్లమెంటు (దాన్నీ కాంగ్రెస్ అనే అంటారు) దశాబ్దాలు గడిచినా చేయలేదు, అందులో కూర్చున్నది ఆ కుటుంబాలే మరి. మన దగ్గర రెండుసార్లు అని పెడితే మూడోసారి బ్యానర్ మీద ఫొటో మారుతుంది, ఇంటిపేరు అదే ఉంటుంది. టికెట్ ఎవరికివ్వాలో పార్టీ సభ్యులు ఓటేసి తేల్చే పద్ధతి లేనంతకాలం లిమిట్ ఒక్కటే సరిపోదు. పైగా మనకి మిషిగన్‌లోలా జనం నేరుగా ఓటేసి రాజ్యాంగం మార్చే వీల్లేదు, రాజ్యాంగం 368వ అధికరణం ప్రకారం పార్లమెంటే మార్చాలి, ఓటేసిన వాళ్ళ మూడింట రెండొంతులు ఒప్పుకోవాలి. వాళ్ళ సీటు వాళ్ళే వదులుకోవాలన్నమాట.

కాల్వకట్ట కుర్రాడు
అందరికీ థాంక్స్ అండి. రెండుసార్లు అని గట్టిగా అనుకుని వచ్చాను, అక్క రాసింది చదివాక మూడు అంటే పదిహేనేళ్ళు, అది కరెక్ట్ అనిపిస్తోంది, దాంతోపాటు వెంటనే అదే ఇంట్లోవాళ్ళకి టికెట్ ఇవ్వకూడదని కూడా ఉండాలి. అక్కా, ఒక్కటి చెప్పండి, మా కాల్వ సంగతి ఎమ్మెల్యే గారి గేటు దాకా వెళ్ళకుండా ఎట్టా కదిలించాలి?

మాజీ సర్పంచ్ అక్క
అర్జీ రెండు కాపీలు రాయి తమ్ముడూ. కాల్వ పేరు, ఎక్కడ్నుంచి ఎక్కడిదాకా పూడిందో, చివర ఎన్ని ఎకరాలు ఎండుతున్నాయో రాసి, రైతులందరి సంతకాలు, నీటి సంఘం ప్రెసిడెంట్ సంతకం పెట్టించు. ఇరిగేషన్ డిప్యూటీ ఇంజినీరు (డీఈ) ఆఫీసులో ఇచ్చి రెండో కాపీ మీద అందినట్టు ఇన్‌వర్డ్ నంబరు, తేదీ వేయించుకునే బయటికి రా. అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) కొలతలకి వచ్చే రోజు మీ నాన్నగారిని దగ్గరుండమను, ఆయనకి ఆ కాల్వ ఎంత లోతుండేదో తెలుసు కదా.