బిర్కెట్ ‘ట్రై చేశాడా’, ‘ట్రై కొట్టాడా’?

ప్రశ్న: తొలితరం రగ్బీ ఆటగాడు రెజ్ బిర్కెట్ మీద చిన్న వ్యాసం రాస్తున్నాను. అంతర్జాతీయ పోటీల్లో ఇంగ్లండ్‌కి మొదటి ‘ట్రై’ ఆయనదే. ‘తొలి ప్రయత్నం చేశాడు’ అని రాస్తే మా ఇంట్లో చదివి, ‘పాపం, కుదరలేదా?’ అన్నారు. ఏం రాయమంటారు?

— మీ ఇంట్లోవాళ్లు అన్నదాంట్లో సగం నిజం ఉందండీ! 1871 మార్చి 27న ఎడింబరోలోని రేబర్న్ ప్లేస్‌లో స్కాట్లండ్, ఇంగ్లండ్ జట్లు చెరో 20 మందితో ఆడాయి. అప్పట్లో ఎదుటి జట్టు గోల్ గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే, గోల్‌కి తన్నిచూసే ఛాన్స్ దక్కేది, అంతే. దానికి ‘ట్రై’ అనే పేరు అందుకే వచ్చింది. తన్నిన బంతి అడ్డకర్ర మీదుగా పోతేనే గోల్. గెలుపోటములు గోల్స్‌తోనే తేలేవి. బిర్కెట్ బంతి ఆనించాడు గానీ ఆ తర్వాతి కిక్ కుదరలేదు. స్కాట్లండ్‌కి రెండు ట్రైలు వచ్చాయి, ఒకటి గోల్ అయింది, మ్యాచ్ వాళ్లది.

స్కాట్లండ్ మొదటి ట్రై మీద ఇంగ్లండ్ వాళ్లు పెద్ద గొడవే చేశారు. అంపైర్ ఆల్మండ్ ఒక బడికి హెడ్మాస్టరు. ఆ ట్రై ఇచ్చిన తీర్పు సరైనదో కాదో తనకే తెలియదనీ, అనుమానం వస్తే ఎక్కువ అరిచేవాళ్లకి వ్యతిరేకంగా చెప్పడం న్యాయమేననీ తర్వాత రాశాడు. క్లాసురూము అలవాటు ఎక్కడికి పోతుంది!

— కానీ ఇప్పుడు ట్రైకి 5 పాయింట్లు కదా. ‘ప్రయత్నం’ అంటే ఎలా?

— వద్దు. ‘ట్రై’ అనే ఉంచి, పక్కనున్న క్రియ మార్చండి. ‘ట్రై చేశాడు’ అంటే మనకి గవర్నమెంటు ఉద్యోగానికి ట్రై చేసినట్టే. ‘ట్రై కొట్టాడు’ అనండి. ఫోర్ కొట్టాడు, గోల్ కొట్టాడు అంటాం కదా, ఇట్టే అర్థమవుతుంది. పత్రికకైతే ‘సాధించాడు’.

ఇంకోమాట. ఆయన్ని ఒట్టి ‘రగ్బీ ఆటగాడు’ అనకండి. ఆయన క్లబ్బు క్లాఫమ్ రోవర్స్ రగ్బీ, ఫుట్‌బాల్ రెండూ ఆడేది. రగ్బీలో ఇంగ్లండ్‌కి 4 మ్యాచ్‌లు ఆడిన ఈయన, 1879లో అదే స్కాట్లండ్ మీద ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్. ఇంగ్లండ్ 5-4తో గెలిచింది. నాలుగు గోల్స్ ఇచ్చుకుని గెలవడం, కీపర్‌కి ఎంత టెన్షనో! మరుసటేడు క్లబ్బుతో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ పోటీ ఎఫ్‌ఏ కప్ కూడా అందుకున్నాడు. తమ్ముడు లూయీ, కొడుకు జాన్ కూడా ఇంగ్లండ్‌కి రగ్బీ ఆడారు.

— బావుంది. ‘ఇంగ్లండ్ తొలి ట్రై కొట్టిన గోల్‌కీపర్’ అని హెడ్డింగ్ పెట్టేస్తాను.