హీరోయిన్ ఊరికే కూర్చుంటోంది, నేనేమో రోజువారీ టార్గెట్ వదల్లేను. ఏం చేయను?

సగంనవల:
నవల సగం దాటింది. ప్రధాన పాత్ర పేరు మాధవి, ఒక ఆసుపత్రి మందుల స్టోర్‌లో నైట్ షిఫ్ట్ చేస్తుంది. ఖరీదైన ఒక ఇంజెక్షన్ విషయంలో రిజిస్టర్‌లో ఉన్న లెక్కకీ, ఫ్రిజ్‌లో ఉన్న సరుకుకీ పొంతన లేదని గమనిస్తుంది. అక్కడిదాకా బాగానే ఉంది. ఆ తర్వాత పాత ఫార్మసిస్ట్ వచ్చి ఒక రహస్యం చెప్తాడు, ఒక నర్సు వచ్చి ఇంకోటి చెప్తుంది, సూపర్‌వైజర్ ఫోన్ చేసి బెదిరిస్తాడు. మాధవి వింటుంది, బాధపడుతుంది, కిటికీలోంచి బయటికి చూస్తుంది. చదివిపెట్టిన స్నేహితురాలు, "ఈ పిల్ల గుమ్మంలో కూర్చుంటే కథే వచ్చి పలకరించి పోతోందే" అంది.

సరే, మారుద్దామంటే ఇంకో తలనొప్పి. రోజుకు వెయ్యి పదాలు అని పెట్టుకున్నాను, పోటీ గడువు దగ్గర పడుతోంది, దీనికి తోడు మా రాసేవాళ్ళ గ్రూపుకి నెలకో కథ ఇవ్వాలి. వెనక్కి వెళ్ళి మొదటినుంచీ తిరగరాస్తే ఇవన్నీ గంగలో కలుస్తాయి. ముందుకే పోదామంటే తప్పని తెలిసి కూడా దాని మీదే ఇంకో అంతస్తు కట్టినట్టుంటుంది. మీరైతే ఏం చేస్తారు?

చిత్తుప్రతి:
మీ స్నేహితురాలికి ఒక దణ్ణం పెట్టండి, రోగం ఏంటో ఆవిడే చెప్పేసింది.

చురుకైన పాత్ర అనగానే పరుగులు, అరుపులు, గోడలు దూకడం అనుకుంటారు చాలామంది, అదేం కాదు. ప్రతి అధ్యాయానికీ ఒక్క వాక్యం రాసి చూడండి: మాధవి ఫలానా పని చేసింది, దానివల్ల ఫలానాది జరిగింది. ఆ "దానివల్ల" దగ్గర మీ కలం ఆగిపోయిందంటే ఆ అధ్యాయంలో మాధవి లేనట్టే, పేజీ నిండా ఆమె పేరు ఉన్నా సరే.

పాత ఫార్మసిస్ట్ సీనే తీసుకుందాం. ఇప్పుడు ఆయనంతట ఆయనే వచ్చి చెప్తున్నాడు. అలా కాకుండా, ఒక రాత్రి మాధవి కావాలనే రిజిస్టర్‌లో తప్పుడు లెక్క వేస్తుంది అనుకోండి. ఫ్రిజ్‌లో ఆరు వయల్స్ ఉంటే తొమ్మిది అని రాసి, కింద సంతకం పెట్టి వెళ్ళిపోతుంది. మర్నాడు వచ్చి చూస్తే ఆ తొమ్మిదిని ఎవరో జాగ్రత్తగా ఆరు చేసి ఉంచారు. అంటే సరుకు ఎంత ఉందో రోజూ చూసుకునే మనిషి ఇంకొకడున్నాడు! ఇప్పుడు ఆమే ఫార్మసిస్ట్ దగ్గరికి వెళ్ళి అడగాలి. ఆయన నిజం చెప్తాడో, అబద్ధం చెప్తాడో, "ముందు నువ్వు తప్పు లెక్క ఎందుకు రాశావో చెప్పు" అని ఎదురు తిరుగుతాడో. ఆ మూడోది నాకు బాగా నచ్చింది, ఎందుకంటే ఇక మాధవి కూడా కడిగిన ముత్యం కాదు, ఆ తప్పుడు లెక్క కింద ఉన్నది ఆమె సంతకమే. సమాచారం అదే, మనుషులూ వాళ్ళే, కాకపోతే ఆమె దాన్ని సంపాదించుకుంది, దానికి ఎంతో కొంత చెల్లించుకుంది కూడా.

రోజుకోపేజీ:
పైన చెప్పిందంతా నిజమే, కానీ ఒక విషయం ఎవరూ అనట్లేదు. మీ మాధవి ఊరికే కూర్చోవడానికీ, మీ వెయ్యి పదాల టార్గెట్‌కీ సంబంధం ఉందని నా అనుమానం. రాత్రి పదింటికి కూర్చుని వెయ్యి పూర్తి చేయాలంటే అన్నిటికన్నా తేలిగ్గా వచ్చేవి ఏంటి? ఆలోచనలూ, జ్ఞాపకాలూ, ఇద్దరు కూర్చుని మాట్లాడుకోవడమూ. అవి ఎంతసేపైనా సాగుతాయి. అదే పాత్ర చేత ఒక నిర్ణయం తీయించాలంటే ముందు మనం ఆ నిర్ణయం తీసుకోవాలి, ఆ ఆలోచించిన గంటకి వర్డ్ కౌంట్ సున్నా. అందుకని మన చెయ్యి తెలియకుండానే కిటికీ దగ్గరికి పోతుంది. నవంబర్ నెల ముప్పై రోజుల్లో 50,000 పదాల నవల రాసేయాలనే సవాలు ఒకటి ఉంది కదా, రోజుకు దాదాపు 1,667 పడుతుంది, ఆ లెక్కతో రాసిన చిత్తుప్రతులు నేను కొన్ని చదివాను. అన్నిట్లోనూ హీరోలు తెగ ఆలోచిస్తుంటారు.

అలాగని టార్గెట్ మానేయమనను. ఇంగ్లిష్ నవలాకారుడు ఆంటొనీ ట్రాలప్ పోస్టాఫీసు ఉద్యోగం చేసుకుంటూనే, ఎదురుగా వాచీ పెట్టుకుని పావుగంటకు 250 పదాల చొప్పున రాసేవాడు. అందరూ ఈ ముక్క వరకే చెప్తారు. రోజూ పని మొదలుపెట్టగానే ముందురోజు రాసింది చదువుకోవడానికి ఒక అరగంట పోయేదని కూడా ఆయన ఆత్మకథలో ఉంది. మీ టార్గెట్‌లో ఆ అరగంట ఎక్కడుంది? వెయ్యిని ఆరు వందలు చేసి, మిగిలిన టైమ్‌లో "ఈరోజు మాధవి ఏం చేయబోతోంది" అని ఒక్క లైను తేల్చుకుని అప్పుడు మొదలుపెట్టండి.

వెనక్కి మాత్రం వెళ్ళకండి. రిజిస్టర్ సీను ఇప్పటికే రాసేసినట్టు ఊహించుకుని రేపటి అధ్యాయం రాసేయండి. పాత అధ్యాయాల్లో ఏం మారాలో వేరే ఫైల్లో ఒక్కో లైను చాలు. చివరికి వచ్చేసరికి ఆ లైన్లలో సగం అవసరమే ఉండదు.

విరామచిహ్నం:
అందరూ చురుకు చురుకు అంటున్నారు గానీ, ఏమీ చేయలేని మనిషి మీద గొప్ప నవలలు లేవా? గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావును ఏమంటారు? పేరులోనే ఉంది కదండీ.

చిత్తుప్రతి:
మంచి పాయింటే, కానీ సీతారామారావు నిష్క్రియత్వమే ఆ నవలకి విషయం. చేతులారా తనూ పాడవుతాడు, చుట్టూ ఉన్నవాళ్ళనీ ఏడిపిస్తాడు. మాధవి విషయంలో ఆమె ఊరుకోవడం వల్ల ఎవరికీ ఏమీ కావట్లేదు, అక్కడే వచ్చింది ఇబ్బంది. ఆమె నోరు మూసుకున్న రాత్రే ఆ ఇంజెక్షన్ దొరక్క ఒక పేషెంట్ ప్రాణం మీదికి వచ్చిందనుకోండి, అప్పుడు ఊరుకోవడం కూడా ఒక పనే.

సగంనవల:
చాలా థాంక్సండీ అందరికీ. తప్పుడు లెక్క ఐడియా నిద్ర పట్టనివ్వలేదు. కానీ ఒక సందేహం. మాధవి భయస్థురాలు, నలుగురిలో నోరెత్తదు, ఉద్యోగం పోతే ఇల్లు గడవదు. అలాంటి మనిషి అంత తెగిస్తుందా? బలవంతంగా చేయించినట్టు ఉండదా? నెలాఖరు కథ కూడా ఇంకా మొదలుపెట్టలేదు, టెన్షన్‌గా ఉంది.

రోజుకోపేజీ:
భయస్థులు ఊరికే కూర్చోరండి, ఇంకా ఎక్కువ పనులు చేస్తారు. దాస్తారు, అబద్ధాలు ఆడతారు, షిఫ్ట్ మార్పించుకుంటారు, చూసింది చూడనట్టు నటిస్తారు, రిజిస్టర్ పేజీని ఫోన్‌లో ఫొటో తీసి మళ్ళీ భయమేసి డిలీట్ చేస్తారు. తెగింపు మొదటి రోజే అక్కర్లేదు. మొదట తనని తాను కాపాడుకోవడానికి ఒక చిన్న పని చేయనివ్వండి, అది బెడిసికొట్టాలి, దాన్ని సర్దడానికి ఇంకొంచెం పెద్దది. తప్పుడు లెక్క దాకా అలా మెట్టుమెట్టుగా తీసుకెళ్తే పాఠకుడు నమ్ముతాడు.

నెలాఖరు కథకి కొత్త ఆలోచన వెతుక్కోకండి. ఆ తొమ్మిదిని ఆరుగా దిద్దినవాడెవడో, ఆ రాత్రి వాడి వైపు నుంచి రాయండి. గ్రూపుకి కథ ఇచ్చినట్టవుతుంది, మాధవి ఎదుటి మనిషి ఏం దాస్తున్నాడో మీకు ముందే తెలిసిపోతుంది. అయితే దాన్ని నవల వర్డ్ కౌంట్‌లో కలపకండి, మీరు కలిపేస్తారని తెలుసు నాకు.