వెబ్ ఆప్షన్లు పెట్టాల్సింది ఎవరు, పిల్లలా మనమా?

భవానీనగర్ నాన్న:
మా పాపకు ఈఏపీసెట్ (ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష) ర్యాంకు వచ్చింది. ఇక వెబ్ ఆప్షన్లు, అంటే కావాల్సిన కాలేజీ, బ్రాంచిలను ఆన్‌లైన్‌లో వరసగా పెట్టాలి. తిరుపతి ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ) ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) కావాలంటోంది. అక్కడ సీఎస్‌ఈ (కంప్యూటర్స్) ఆ ర్యాంకుకు కష్టం. ప్రైవేటు కాలేజీ అయినా సరే, సీఎస్‌ఈ తీసుకోమంటున్నా. "పదిహేడేళ్ల పిల్లకేం తెలుసు, నువ్వే కూర్చుని పెట్టెయ్ బావా" అంటాడు మా బావమరిది. మా ఆవిడ పాప పక్షం. మీ ఇళ్లలో ఎవరు పెట్టారు?

మదనపల్లె మాస్టారు:
పెద్దవాళ్లే పెట్టాలి. రెండేళ్లు స్టడీ అవర్లలో బిట్లు బట్టీ పట్టిన పిల్లలకు బ్రాంచి అంటే ఏం తెలుస్తుంది? స్నేహితురాలు ఏది పెడితే అదే. రేపు ఉద్యోగం రాకపోతే టెన్షన్ పడేది మనమే కదా.

పుత్తూరు అక్క:
ఆ బట్టీ పట్టించింది ఎవరు మాస్టారూ? ఎంపీసీలో చేర్పించిందీ మనమే. మా వాడికి నెట్ సెంటర్‌లో ఆప్షన్లు పెట్టించాం. ఓటీపీ చెప్పగానే అక్కడి కుర్రాడు టకటకా ఎక్కించేశాడు. చూస్తే మేమెప్పుడూ పేరు కూడా వినని కాలేజీ పైన కూర్చుంది! ఫ్రీజ్ (ఇక మార్చకుండా ఖరారు) చేయకముందే మా వాడే కనిపెట్టి మార్పించాడు.

కొర్లగుంట లెక్చరర్:
ఎవరు పెట్టినా చాలామంది వరస దగ్గరే పప్పులో కాలేస్తారు. సీటు ర్యాంకు ప్రకారం ఇస్తారు. మీ వంతు రాగానే ఆప్షన్లను పైనుంచి చూసుకుంటూ వచ్చి, మొదట ఏది దొరికితే దాన్ని కేటాయిస్తారు. అంతే, కింద ఉన్నవి ఇక చూడరు. "ఖాయంగా వచ్చేది పైన పెడదాం" అని చిన్న కాలేజీని పైకెక్కిస్తే, కిందున్న ఎస్వీయూ సీటు వచ్చే ర్యాంకైనా రాదు. రాదేమో అనుకున్నదాన్ని పైన పెడితే మాత్రం పోయేదేమీ లేదు. పైగా 85 శాతం సీట్లు మన ఎస్వీయూ పరిధిలోని జిల్లాల పిల్లలకే. కాబట్టి పాపనే పెట్టనివ్వండి.

డబ్బు సంగతి మాత్రం దాచకండి. అర్హత ఉంటే కన్వీనర్ సీటుకు (ఇలా కౌన్సెలింగ్‌లో ర్యాంకుతో వచ్చేది) ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది, కాలేజీ యాజమాన్యం ఇచ్చే మేనేజ్‌మెంట్ సీటుకు రాదు. ఇంటి లెక్క తెలిస్తే పిల్లలే వరస మారుస్తారు.

మదనపల్లె మాస్టారు:
ఈసీఈ చదివి చివరికి సాఫ్ట్‌వేర్‌కే పోతారు. ముందే సీఎస్‌ఈ తీసుకుంటే పోలా?

పుత్తూరు అక్క:
ఈసీఈ నుంచీ ఆ దారి ఉన్నప్పుడు పాపను ఆపడం దేనికి?

భవానీనగర్ నాన్న:
ఇదంతా పాపకు చూపించాను. ఎస్వీయూ ఈసీఈ పైన, దాని కింద నేను చెప్పిన సీఎస్‌ఈలు పెడతానంది. అవి కూడా రోజూ బస్సులో వెళ్లొచ్చేవేనట, హాస్టల్ ఖర్చు వద్దని. నాకింకా పూర్తిగా మనసొప్పలేదు గానీ సరే అన్నా. నిరుటి ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడినవాళ్ల కోటా) సర్టిఫికెట్ చెల్లుతుందా?

కొర్లగుంట లెక్చరర్:
చెల్లదు సార్. ఈ ఆర్థిక సంవత్సరానిది కావాలి. రేపే సచివాలయంలో అప్లై చేయండి.