చెన్నై పోర్టులో దిగి సాయంత్రం మళ్ళీ ఓడెక్కే చుట్టాలకు మన పక్క పాత ఊళ్ళు చూపించడం ఎట్లా?

కోనేటికట్ట
అందరికీ నమస్కారం. పొద్దున్నుంచి మ్యాప్ ముందు కూర్చుని తల వాచిపోయింది. ఏది వెతికినా మెరీనా, మహాబలిపురం, లేదంటే తిరుమల ప్యాకేజీ. మా బావ వాళ్ళు వైజాగ్ నుంచి క్రూయిజ్‌లో వస్తున్నారు. చెన్నై పోర్టులో పొద్దున దిగుతారు, ఆ రోజంతా ఖాళీ. కొండకు ఏటా వచ్చేవాళ్ళే కాబట్టి దర్శనం పని లేదు. చెన్నైలో షాపింగ్ అసలే వద్దన్నారు. "మీ పక్క ఎవరూ చూడని ఊళ్ళు ఉన్నాయని గొప్పలు చెప్తావు గదా, చూపించు" అన్నాడు బావ. నేను రాసుకున్న లిస్టు ఇది: పులికాట్, సురుటుపల్లి, నాగలాపురం, నారాయణవనం, గుడిమల్లం, చంద్రగిరి. అన్నీ దగ్గర దగ్గరే. కానీ ఎటు నుంచి మొదలుపెట్టినా చివర్లో ఒకటో రెండో మిగిలిపోతున్నాయి. తిరిగినవాళ్ళు ఎవరన్నా వరుస చెప్పండి. అర్జెంట్.

ఎల్లో బోర్డు
ఓడ ఎక్కేది ఎన్నింటికి?

హిస్టరీ మాస్టారు
వరుస సంగతి తర్వాత. చంద్రగిరిని మాత్రం వదలకండి. మీ బావగారు దిగేది చెన్నపట్నంలో. ఆ పట్నానికి పునాది పడింది మన చంద్రగిరి రాజుల ఏలుబడిలోనే. విజయనగర రాజధానిని పెనుకొండ నుంచి 1592లో చంద్రగిరికి మార్చారు. 1639 ఆగస్టు 22న దామర్ల వెంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డేకి సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఇసుక నేలను దానం చేశాడు. వెంకటాద్రి తండ్రి పేరు చెన్నప్ప. చెన్నపట్నం అన్న పేరు అట్లా వచ్చిందే. ఆ కాగితం మీద సంతకం పడింది మన రాజమహల్‌లో! పోర్టులో దిగినవాడు ఆ మహల్ చూడకుండా పోతే, కొడుకును చూసి తల్లిని పలకరించనట్టే. ఇంకో మాట, ఆ మహల్ కట్టడంలో కలప వాడలేదు. అంతా రాయి, ఇటుక, సున్నం.

సందేహి
మాస్టారూ, సంతకం రాజమహల్‌లో పడిందన్నది అక్కడి గైడ్లు చెప్పే మాట. దామర్ల వారిది వందవాసి. వెంకటాద్రి తమ్ముడు అయ్యప్ప ఉండేది పూందమల్లిలో. చంద్రగిరి రాజు శ్రీరంగరాయలు విడిగా పత్రం ఇచ్చింది 1645లో. రెండూ కలిపి వండేస్తున్నారు. పైగా అది దానమూ కాదు. ఇంగ్లీషువాళ్ళు తమ కాగితాల్లో రాసుకున్న మాట "కౌల్". మన కౌలే. రేవు ఆదాయంలో నాయకుడికి సగం వాటా ఉన్నప్పుడు దాన్ని దానం అని ఎవరంటారు?

హిస్టరీ మాస్టారు
కౌలు అంటే పొలానికి. కోట కట్టుకోమని నేల ఇవ్వడం కౌలు ఎట్లా అవుతుంది? మా తాతగారి పొలం కౌలుకిచ్చాం, ఎవడూ అందులో కోట కట్టలేదు.

కోనేటికట్ట
అయ్యా, నాది రూట్ ప్రశ్న. కౌలు ప్రశ్న కాదు.

ఎల్లో బోర్డు
టైము చెప్పలేదు.

కోనేటికట్ట
సాయంత్రం అన్నా. సాయంత్రానికి పోర్టులో ఉంటే చాలు.

పూసలపేట
గుడిమల్లం పోయేవాళ్ళు మా పాపానాయుడుపేట మీదుగానే పోతారు. కానీ ఒక్క కారూ ఆగదు. ఒక్కసారి ఆగి చూడండి. కొలిమిలో కరిగిన గాజు ముద్దను పొడుగాటి ఇనుప గొట్టం కొసకు పట్టించి, లోపలి నుంచి కడ్డీ దూర్చి కన్నం చేస్తారు. అవతల కూర్చున్న పెద్దాయన ఆ ముద్ద కొసను అందుకుని లాగుతూనే ఉంటాడు. దారంలాగా సన్నటి గొట్టం వస్తూనే ఉంటుంది, చెయ్యి ఆగకూడదు, వేగం మారకూడదు. తర్వాత ఆ గొట్టాల్ని చిన్న చిన్న ముక్కలు కోసి, కన్నాలు మూసుకుపోకుండా బూడిద పట్టించి మళ్ళీ కాలుస్తారు. అప్పుడు అంచులు మెత్తబడి గుండ్రటి పూస అవుతుంది. పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాల్లో దొరికిన రెండు వేల ఏళ్ళ నాటి పూసలు చేసిన పద్ధతి ఇదే. ఓడల మీద ఆగ్నేయాసియా దాకా పోయిన పూసలు. మీ బావగారు ఓడలో వస్తున్నారు కాబట్టి చెప్తున్నా.

కోనేటికట్ట
ఇది నాకే తెలియదు! ఏడో ఊరుగా లిస్టులో వేసేశా.

ఎల్లో బోర్డు
సాయంత్రం అంటే నాలుగా, ఏడా?

ఊత్తుకోట బస్సు
అన్నా, ముందు ఒకటి చెప్పు. ఆ దూరాలన్నీ మ్యాప్‌లో తిరుపతి నుంచి కొలిచావా, పోర్టు నుంచి కొలిచావా? "అన్నీ దగ్గర దగ్గరే" అంటున్నావు. నీకు దగ్గర. గుడిమల్లం తిరుపతి వాళ్ళకు పక్కింటి మాదిరి. పోర్టు నుంచి వచ్చేవాడికి ఒక్క పక్కకే మూడు గంటలు.

కోనేటికట్ట
తిరుపతి నుంచే కొలిచా. బండి ఇక్కడి నుంచే కదా బయలుదేరేది.

ఊత్తుకోట బస్సు
బండి బయలుదేరేది ఇక్కడి నుంచే. చుట్టాలు బయలుదేరేది అక్కడి నుంచి. అదే నీ చిక్కు. తెల్లారి నాలుగుకల్లా బండి ఖాళీగా చెన్నై పోవాలి, ఎక్కించుకుని వెనక్కి రావాలి, మళ్ళీ పోయి దించాలి, మళ్ళీ తిరుపతి రావాలి. చెన్నై రోడ్డు ఒక్క రోజులో నాలుగు సార్లు. డ్రైవర్ గురించి కూడా ఆలోచించు.

ఇక రూటు. రెడ్ హిల్స్, పెరియపాళెం, ఊత్తుకోట. ఊత్తుకోట దాటి ఆంధ్రాలోకి రాగానే సురుటుపల్లి. శివుడు పడుకుని ఉండే గుడి. హాలాహలం మింగి కళ్ళు తిరిగి అమ్మవారి ఒడిలో తల పెట్టుకున్నాడని కథ. లింగం కోసం చూసిన కళ్ళకు నిలువెత్తు మనిషి అడ్డంగా పడుకుని కనబడితే కాసేపు మాట రాదు. ప్రదోషం రోజైతే మాత్రం ఆ పక్కకే పోవద్దు, జనం తోసేస్తారు. అక్కడి నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే నాగలాపురం. వేదనారాయణస్వామి, మత్స్యావతారం. తల్లి నాగలాంబ పేరు మీద కృష్ణదేవరాయలు పెట్టిన ఊరు. గుడి పడమర ముఖం. ఏటా మార్చిలో మూడు రోజులు సాయంత్రం ఎండ నేరుగా గర్భగుడిలోకి వస్తుంది. మొదటి రోజు పాదాల మీద, రెండో రోజు నాభి మీద, మూడో రోజు కిరీటం దాకా. మీవాళ్ళు వచ్చేది మార్చి కాకపోయినా గోపురం చాలు.

ఇంకా ముందుకు పోతే పిచ్చాటూరు దగ్గర అరణియార్ డ్యాము, ఆ తర్వాత నారాయణవనం. పద్మావతమ్మ పుట్టిల్లు. పెళ్ళి నలుగుపిండి విసిరిన తిరుగలి అని గుళ్ళో పెద్ద రాయి చూపిస్తారు. కానీ ఆ పక్క గుళ్ళన్నీ మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నరకు మూస్తే మళ్ళీ నాలుక్కే. నారాయణవనం చేరేసరికి తలుపు వేసి ఉంటుంది. తిరుగలి కూడా లోపలే.

నగరి ముక్కు
నారాయణవనం దాకా వచ్చి మా నగరి కొండ చూడకుండా పోతారా? ముక్కు మాదిరి పొడుచుకొచ్చిన ఆ శిఖరాన్ని సముద్రం మీద నుంచి చూసి పాతకాలం ఓడవాళ్ళు మద్రాసు దగ్గర పడిందని గుర్తుపట్టేవాళ్ళు. మీ బావను తెల్లారగానే పైకెక్కి పడమరకు చూడమనండి. మబ్బు లేకపోతే చిత్తూరు జిల్లా ఓడ మీది నుంచే కనబడుతుంది, ఖర్చు లేకుండా.

సందేహి
ఆ మూడు గుళ్ళూ ఇప్పుడు చిత్తూరు జిల్లా కాదు. నాగలాపురం, నారాయణవనం 2022 నుంచి తిరుపతి జిల్లా.

నగరి ముక్కు
నగరి చిత్తూరు జిల్లానే సార్. నేను కొండ గురించి చెప్పా.

సందేహి
క్రూయిజ్ అన్న మాట కూడా వద్దు. విహారనౌక అనొచ్చు.

ఎల్లో బోర్డు
పోర్టు గేటు దగ్గర విహారనౌక ఎక్కడ అని అడగండి, చూద్దాం. టైము చెప్పండి కోనేటికట్ట గారూ.

కోనేటికట్ట
బావను అడిగి టికెట్ ఫోటో తెప్పించా. ఓడ కదిలేది ఆరుకు. కింద ఇంకో లైన్ ఉంది, "ఆల్ అబోర్డ్ 4:30" అని. అదేదో వాళ్ళ లెక్క అనుకుంటా. మనకు ఆరు దాకా ఉంది కదా?

ఎల్లో బోర్డు
లేదు. 4:30కి లోపల ఉండాలి. ఆరుకు పోతే పోర్టులో నిలబడి చెయ్యి ఊపొచ్చు.

ఊత్తుకోట బస్సు
నవ్వకండి గానీ అది నిజం. ఓడ మనకోసం ఆగదు. ఎవరన్నా రాకపోతే ఎక్స్‌ప్రెస్ బస్సులా హారన్ కొట్టి చూడదు. లెక్క నేను వేసిపెడతా. ఏడుకు దిగినా క్యూలు, బ్యాగుల చెకింగ్ అయ్యి బయటికి వచ్చేసరికి ఎనిమిదిన్నర. పాస్ లేని బండిని పోర్టు లోపలికి రానివ్వరు, కాబట్టి గేటు బయట కలుసుకోవాలి. ఏ గేటో ముందే కనుక్కోండి, రాయపురం పక్క లారీల మధ్య ఇరుక్కుంటే అరగంట పోతుంది. పదింబావుకు సురుటుపల్లి. పదకొండుకు నాగలాపురం. పన్నెండుకు బయటపడి అక్కడే భోజనం. ఒంటిగంటకు వెనక్కి తిరిగితే మూడుకు పోర్టు. గంటన్నర చేతిలో ఉంచుకోవాలి, రెడ్ హిల్స్ దగ్గర ఏ ట్రాఫిక్ ఉంటుందో దేవుడికే తెలియాలి. అంతే. రెండు ఊళ్ళు. మిగతా ఐదు కొట్టెయ్.

కోనేటికట్ట
రెండేనా! బావ నవ్వుతాడు.

పూసలపేట
పూసలు?

ఊత్తుకోట బస్సు
పూసలకు ఇంకోసారి రైలెక్కి రమ్మనండి అక్కా. గుడిమల్లం కూడా అంతే. ఐదడుగుల లింగం మీద శివుడు మరుగుజ్జు భుజాలెక్కి నిలబడిన రూపం, క్రీస్తు పూర్వం నాటిదంటారు. పరుగెత్తి చూసి వచ్చేది కాదు అది. గర్భగుడిలోకి కిందికి దిగాలి, కళ్ళు చీకటికి అలవాటు పడాలి.

హిస్టరీ మాస్టారు
గుళ్ళు వద్దనుకుంటే పులికాట్ ఒక్కటే పెట్టుకోవచ్చు. పోర్టుకు ఉత్తరాన అరవై కిలోమీటర్ల లోపు. డచ్చివాళ్ళు 1613లో కట్టిన గెల్డ్రియా కోట ఇప్పుడు మట్టిదిబ్బ. కానీ వాళ్ళ సమాధుల తోట మిగిలింది. గేటు పక్కన రాతిలో చెక్కిన అస్థిపంజరాలు ఉంటాయి. నాగపట్నానికి మారిపోయేదాకా, అంటే 1690 దాకా, ఈ తీరంలో వాళ్ళ పెత్తనమంతా అక్కడి నుంచే. మధ్యాహ్నం తలుపులు మూసే గొడవ లేదు, సరస్సు తలుపు వెయ్యరు.

కోనేటికట్ట
సమాధులకు తీసుకుపోతే మా అత్త నన్ను ఇంట్లోకి రానివ్వదు. పైగా ఆమెకు మోకాలి ఆపరేషన్ అయి మూడు నెలలే, ఎక్కువ నడవలేదు.

నగరి ముక్కు
అత్తగారు కూడా వస్తున్నారా? ఇప్పుడా చెప్పేది! మోకాలికైతే పుత్తూరు కట్టు...

ఊత్తుకోట బస్సు
ఆపరేషన్ అయిన మోకాలికి కట్టు ఏంది సామీ. ఆమెకు ముందు సీటు ఇవ్వండి, గుడి దగ్గర నడక తక్కువ పడేట్టు దించండి. మొత్తం ఎంతమంది?

కోనేటికట్ట
తొమ్మిది మంది. రెండు బండ్లు పెడతా. వచ్చే శుక్రవారం.

హిస్టరీ మాస్టారు
శుక్రవారమా? శుక్రవారం చంద్రగిరి మ్యూజియం సెలవు! ఇంతసేపు ఆ మాట ఎందుకు చెప్పలేదు?

కోనేటికట్ట
అడగలేదు కదా సార్. సరే, సురుటుపల్లి, నాగలాపురం ఫిక్స్. బావకు మెసేజ్ పెట్టా, "రెండేనా" అనే అన్నాడు. థ్యాంక్స్ అందరికీ.

ఎల్లో బోర్డు
బండ్లు ఎవరివి?

కోనేటికట్ట
ఒకటి నాది. ఇంకోటి మా తమ్ముడి ఇన్నోవా, ట్యాక్సీకి తిప్పేది.

ఎల్లో బోర్డు
ట్యాక్సీకి తమిళనాడు పర్మిట్ కట్టారా?

ఎల్లో బోర్డు
కోనేటికట్ట గారూ?

హిస్టరీ మాస్టారు
సందేహి గారూ, మళ్ళీ కౌలు దగ్గరికి వస్తే, సగం వాటా అన్నది రేవు సుంకాల్లో. నేలలో కాదు. నేలకూ సుంకానికీ తేడా లేదంటారా?