గిన్నెడు గుగ్గిళ్ళా, గుప్పెడు బాదం పలుకులా: మాంసకృత్తుల లెక్క ఎలా చూడాలి?

ప్రశ్న: కృష్ణాతీరం

మా అమ్మగారికి అరవై రెండేళ్ళు. ఈ మధ్య చేయించిన రక్తపరీక్షలో చక్కెర హద్దు మీద ఉన్నట్లు తేలింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆవిడ సాయంత్రం నాలుగింటికి ఒక గిన్నెడు గుగ్గిళ్ళు, ఒకనాడు శనగలు, ఒకనాడు బొబ్బర్లు, తాలింపు వేసుకుని టీతో పాటు తింటారు. మొన్న మా అన్నయ్య వచ్చి, పప్పుధాన్యాల్లో పిండిపదార్థం ఎక్కువనీ, బలమంతా బాదంలోనూ జీడిపప్పులోనూ ఉందనీ చెప్పి, రెండూ చెరొక కిలో తెచ్చి అలమరలో పెట్టి, గుగ్గిళ్ళు మాన్పించే బాధ్యత నాకు అప్పగించి వెళ్ళాడు. తీరా పట్టికలు తిరగేస్తే, 100 గ్రాముల ఎండు శనగల్లో మాంసకృత్తులు సుమారు 20 గ్రాములనీ, బాదంలో 21 గ్రాములనీ కనిపించింది. మరొకచోట ఉడికిన శనగల్లో 9 గ్రాములే అని ఉంది. ఉడికిస్తే సగానికి సగం పోతాయా? అలాగైతే అన్నయ్య మాటే నిజమవుతుంది కదా?

జవాబు: ఆహార సలహాదారు

ఉడికిస్తే మాంసకృత్తులు పోవండి, నీళ్ళు చేరతాయి. 100 గ్రాముల ఎండు శనగలను రాత్రి నానబెట్టి, పొద్దున ఉడికించి, నీళ్ళు వార్చి తూచి చూడండి. 200 గ్రాములు దాటి తూగుతాయి. ఆ 20 గ్రాముల మాంసకృత్తులే ఇప్పుడు రెట్టింపు బరువులో పరుచుకుని ఉంటాయి కాబట్టి 100 గ్రాములకు 9 అని కనిపిస్తుంది. బాదంపప్పును ఎవరూ ఉడకబెట్టుకుని తినరు కనుక దాని అంకె మారదు. ఎండు తూకాలను పక్కపక్కన పెట్టి పోల్చితే చిక్కంతా అక్కడే వస్తుంది.

తినే పాళ్ళలో చూడండి. 100 గ్రాముల ఉడికిన శనగల్లో దాదాపు 164 కేలరీలు ఉంటాయి. 28 గ్రాముల బాదంలో, అంటే సుమారు 23 పలుకుల్లోనూ అన్నే కేలరీలు. ఆ గిన్నెలో మాంసకృత్తులు 9 గ్రాములు, పీచు ఏడు గ్రాములకు పైన, కొవ్వు మూడు గ్రాములకు లోపు. ఆ గుప్పెట్లో మాంసకృత్తులు 6 గ్రాములు, పీచు మూడున్నర, కొవ్వు 14. జీడిపప్పులో పీచు ఇంకా తక్కువ. పైగా గిన్నెడు శనగలు నమిలేసరికి కడుపు నిండుతుంది. జీడిపప్పు మాటల్లో పడి ఎన్ని తిన్నామో లెక్క ఉండదు.

మన భాషలో కందిపప్పూ పప్పే, జీడిపప్పూ పప్పే కావడంతో రెండింటినీ ఒకే గాటన కట్టేస్తాం. నిజానికి ఒకటి మాంసకృత్తులనూ పిండినీ దాచుకున్న గింజ, ఇంకొకటి నూనెను దాచుకున్న గింజ. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కలతో కట్టినవి. వాటిలో లైసిన్ అనేది బియ్యంలో తక్కువ. అది పప్పుధాన్యాల్లో పుష్కలంగా ఉంటుంది, పప్పుల్లో కొరవడిన మిథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లాన్ని బియ్యం సర్దుతుంది. బాదంలోనూ లైసిన్ తక్కువే కనుక, అన్నం తినే ఇంట్లో పప్పు చేసే పనిని బాదం చేయలేదు.

శనగల్లో పిండిపదార్థం ఉన్న మాట వాస్తవమే. అయితే అది పీచుతో పెనవేసుకుని ఉండి నిదానంగా అరుగుతుంది కాబట్టి, అన్నం తిన్నప్పుడు పెరిగినంత వేగంగా చక్కెర పెరగదు. నాకు అభ్యంతరం ఉన్నదల్లా ఆ టీ మీదనే: గింజల్లోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. టీని ఒక గంట వెనక్కి జరిపి, గుగ్గిళ్ళ మీద నిమ్మకాయ పిండండి.

జవాబు: వాల్‌నట్ పక్షం

పై లెక్కతో నాకు పేచీ లేదు గానీ, కొవ్వు అనగానే దోషిని చూసినట్లు చూడటం న్యాయం కాదు. బాదంలోని కొవ్వులో అధికభాగం అసంతృప్తమైనది, అంటే గుండెకు మేలైన అన్‌శాచురేటెడ్ రకం. 28 గ్రాముల్లో 7 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ ఇ ఉంటుంది, శనగల్లో అది నామమాత్రం. వాల్‌నట్లలో ఉన్న ఒమేగా 3 రకం కొవ్వు పప్పుధాన్యాల్లో అంతగా దొరకదు. ఇక కేలరీల సంగతి: అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు 2012లో మనుషుల చేత పచ్చి బాదం తినిపించి కొలిచినప్పుడు, 28 గ్రాముల నుంచి శరీరానికి దక్కినవి దాదాపు 129 కేలరీలేనని తేలింది, ఎందుకంటే సరిగ్గా నలగని గింజలోని నూనె కొంత అరగకుండానే బయటికి పోతుంది. గుండెజబ్బుల ముప్పు ఉన్నవారి మీద స్పెయిన్‌లో జరిగిన ప్రెడిమెడ్ అధ్యయనంలోనూ రోజుకు 30 గ్రాముల బాదం, వాల్‌నట్ వంటి గింజలు కలిపిన మధ్యధరా భోజనం (కూరగాయలు, పండ్లు, ఆలివ్ నూనె ఎక్కువగా ఉండే తిండి) గుండెపోటు, పక్షవాతం వంటివాటిని తగ్గించింది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, 2000 కేలరీల రోజువారీ భోజనానికి పప్పుధాన్యాలు, గుడ్లు, మాంసం కలిపి 85 గ్రాములు, బాదం వంటి నూనె గింజలు 35 గ్రాములు అని వేర్వేరుగా కేటాయించారు. ఒకదాని వాటాను రెండోదానికి ఇమ్మని అందులో లేదు.

జవాబు: బుడ్డల సీమ

ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ వేరుశనగను ఎవరూ తలవలేదు. మాది అనంతపురం జిల్లా. మేము బుడ్డలంటాం, తెలంగాణలో పల్లీలంటారు. మొక్కనుబట్టి అది చిక్కుడు కుటుంబానిది, పేరులోనే శనగ ఉంది. నూనెనుబట్టి బాదం సరసన కూర్చుంటుంది. 100 గ్రాముల్లో మాంసకృత్తులు సుమారు 25 గ్రాములు, బాదం కంటే ఎక్కువే, ధర అందులో చిన్న వంతు. దొరల తిండి కాదు కాబట్టి దానికి పేరు రాలేదని నా అనుమానం.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. నెమ్ము తగిలిన కాయల్లో ఆస్పర్జిల్లస్ అనే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని విడుస్తుంది, అది కాలేయానికి చేటు. వేయించినా పూర్తిగా విరగదు. మా అవ్వ చేటలో పోసుకుని ముడుచుకుపోయినవీ, రంగు మారినవీ, మొలక దగ్గర నల్లబడినవీ ఏరి పారేసేది. నోట్లో చేదు తగిలితే మింగకుండా ఉమ్మేయమనేది.

జవాబు: డల్లాస్ వంటగది

శనగలకు, బొబ్బర్లకు చెల్లినట్టు రాజ్మాకు చెల్లదని నా అనుభవం. సన్నని సెగ మీద గంటల తరబడి ఉడికే స్లో కుక్కర్‌లో వేసి, పలుకుగా ఉండగానే తిని, ఆ రాత్రంతా వాంతులతో గడిపాను. పచ్చి రాజ్మాలో ఉండే లెక్టిన్ అనే విషపదార్థం ఆ సెగకు చావదు. నానబెట్టిన నీళ్ళు పారబోసి, కనీసం పది నిమిషాలు తెర్లే నీళ్ళలో మరిగించాలి.

కృష్ణాతీరం

అందరికీ కృతజ్ఞతలు. నిన్న తూచి చూశాను: 40 గ్రాముల శనగలు ఉడికాక 90 గ్రాములు తూగాయి. అమ్మ గుగ్గిళ్ళు అలాగే కొనసాగుతాయి, పొద్దున ఎనిమిది బాదం పలుకులు కొత్తగా చేరాయి. టీ ఐదింటికి జరిగింది, దానికి మాత్రం ఇంట్లో చిన్న యుద్ధమే అయింది. అన్నయ్య తెచ్చిన జీడిపప్పు డబ్బా తీరా విప్పితే ఉప్పు చల్లి వేయించినది. అమ్మకు రక్తపోటు ఉంది కనుక దాన్ని పక్కన పెట్టాను. మిగిలిన బాదం ఈ ఎండలకు నిలుస్తుందా?

ఆహార సలహాదారు

అలమరలో నిలవదండి, నూనె గింజ కదా, వేడికి చిక్కువాసన వస్తుంది. గాలి చొరబడని సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి, వారానికి సరిపడా మాత్రమే బయటికి తీసుకోండి.