స్లాక్‌లైన్ ప్రాక్టీసుకు ఎలాంటి చోటు వెతుక్కోవాలి?

గాలినడక: రెండు చెట్ల మధ్య పట్టీ కట్టి దానిమీద నడిచే స్లాక్‌లైన్ ఈమధ్యే మొదలుపెట్టాను. 50 మి.మీ. పట్టీ, దాన్ని బిగించే రాట్చెట్ ఉన్నాయి. పార్కులో చెట్లు మరీ దూరదూరంగా ఉన్నాయి. ఎలాంటి చోటు చూసుకోవాలి? పిల్లలు కూడా వస్తారు. వాన పడ్డాక కట్టొచ్చా?

పచ్చికరాణి: చెట్లకంటే ముందు నేల చూడండి. చదునుగా ఉండాలి, మెత్తటి గడ్డి ఉండాలి, రాళ్లూ పైకి తేలిన వేళ్లూ ఉండకూడదు. పడేది పక్కకే కాబట్టి లైనుకి రెండు వైపులా ఖాళీ కావాలి. నడకదారికి అడ్డంగా మాత్రం కట్టకండి. సైకిలు మీద వచ్చేవాళ్లకి పట్టీ కనపడదు.

ముడిమాస్టర్: ఎన్నో ఏళ్లుగా నేర్పిస్తున్నాను, వినండి. దూరం చెట్ల ఊసే వద్దు. 5 నుంచి 8 మీటర్ల లైను, మోకాలి ఎత్తు, అంతే. ఎక్కువ పొడవైతే ఊపు ఆపుకోలేరు.

చెట్టునేస్తం: చెట్టు గురించి ఒక్కరూ మాట్లాడరేం? మా దగ్గర పార్కులో స్లాక్‌లైన్ పూర్తిగా ఆపేశారు. ఎవరో గుడ్డ కూడా చుట్టకుండా కట్టి బెరడు ఊడగొట్టారు. మేమందరం చోటు పోగొట్టుకున్నాం.

పట్టుదల: అతి చేస్తున్నారండీ. మానంత చెట్టుకి చిన్న పట్టీతో ఏమవుతుంది?

ముడిమాస్టర్: లెక్క చూడండి. 10 మీటర్ల లైను మధ్యలో 70 కిలోల మనిషి నిలబడితే అర మీటరు కుంగిందనుకోండి. ఒక్కో కొస మీద దాదాపు 350 కిలోల లాగుడు పడుతుంది. ఇంకా బిగించి పావు మీటరే కుంగేలా చేస్తే అది రెట్టింపు.

పట్టుదల: అంత లాగుడుకి చెట్టు పడిపోలేదుగా మరి!

చెట్టునేస్తం: పడిపోతేనే దెబ్బా? బెరడు కిందే కేంబియం పొర ఉంటుంది, పల్చగా. కొత్త కణజాలం పుట్టేది అక్కడే. పట్టీ రాసుకుని అది నలిగితే ఆ భాగం చచ్చిపోతుంది. కనీసం 30 సెం.మీ. మందమున్న చెట్టు ఎంచుకుని, పట్టీకంటే వెడల్పుగా మందపాటి కార్పెట్ చుట్టండి. ఆ ఓపిక లేనివాళ్లు చెట్ల జోలికి రావద్దు.

పట్టుదల: ఎవరికి ఓపిక లేదంటున్నారు? మాట జాగ్రత్త. చెట్లే వద్దంటే దీపస్తంభానికి కట్టుకుంటాను.

ముడిమాస్టర్: పొరపాటున కూడా ఆ పని చేయకండి! స్తంభం పక్కలాగుడు కోసం కట్టింది కాదు. గోల్‌పోస్టూ అంతే, మనిషి మీదికే ఒరుగుతుంది. పిల్లలు వస్తారన్నారు కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

ఇసుకపాదం: బీచ్‌కి వెళ్లండి! ఇసుకలో లోతుగా గొయ్యి తీసి, దుంగకి స్లింగ్ (గట్టి పట్టీ ఉచ్చు) కట్టి అడ్డంగా పాతిపెడితే లైను కట్టే ఆధారం, అంటే యాంకర్ తయారు. చెట్టుతో పనే లేదు. చెప్పుల్లేకుండా నడిస్తే అరికాలికి పట్టీ తెలుస్తుంది.

పచ్చికరాణి: ఉత్త కాళ్లతో ఎందుకు? నాకు పల్చటి అడుగున్న బూట్లతోనే పట్టు దొరికింది. రాట్చెట్ మీద కాలు పడితే తెలుస్తుంది మీకు.

ఇసుకపాదం: రాట్చెట్ దాకా ఎవరు నడవమన్నారు? దానికి మీటరు ముందే దిగిపోవాలి.

గాలినడక: వాన సంగతి ఎవరూ చెప్పలేదు.

చెట్టునేస్తం: ఆరేదాకా ఆగండి. నైలాన్ తడిస్తే ఎక్కువ సాగుతుంది, బలమూ కొంత తగ్గుతుంది. నానిన నేలలో చిన్న చెట్ల వేళ్లు కదులుతాయి.

పచ్చికరాణి: తడి పట్టీ మీద ఉత్త కాళ్లతో నడిచి చూపించమనండి ఇసుకపాదం గారిని.