లెమాన్స్ టాప్ క్లాసులో హైబ్రిడ్ ఉండాలా, తీసేయాలా?

ఆటోనగర్ షెడ్డు, వరంగల్ (చర్చ మొదలుపెట్టింది)

మొన్న మా షెడ్డుకు ఒక హైబ్రిడ్ కారు, అంటే ఇంజిన్‌తో పాటు కరెంటు మోటార్ కూడా ఉన్న కారు, సర్వీసుకు వచ్చింది. ఓనర్ అడిగిన మొదటి మాట: "బ్యాటరీ పోతే ఎంత పడుతుంది?" లెమాన్స్ చూస్తున్నప్పుడు నాకు ఎన్నో ఏళ్లుగా వచ్చే ప్రశ్న కూడా ఇదే.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. లెమాన్స్ అంటే ఫ్రాన్స్‌లో 1923లో మొదలైన 24 గంటల కార్ల రేసు. ల్యాప్ 13.626 కిలోమీటర్లు, ఒక్కో కారును ముగ్గురు డ్రైవర్లు వంతులవారీగా నడుపుతారు. 2012లో ఆడి గెలిచింది, హైబ్రిడ్ కారు గెలవడం అదే మొదటిసారి. ఆ తర్వాత ఆడి, పోర్షే, టొయోటా హైబ్రిడ్ మీద పైసలు నీళ్లలా పోశాయి. ఒక్కో టీమ్ ఏడాది ఖర్చు 10 కోట్ల యూరోలు దాటిందని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. 2016 చివర ఆడి వెళ్లిపోయింది, 2017 చివర పోర్షే. 2018లో పెద్ద కంపెనీల్లో టొయోటా ఒక్కటే మిగిలింది.

2017 రేసు నేను రాత్రంతా కూర్చుని చూశాను. టాప్ క్లాసులో ఉన్నవే 6 కార్లు. అవి ఒక్కొక్కటే ఆగిపోతుంటే, హైబ్రిడ్ లేని ఎల్‌ఎంపీ2 కారు, అంటే ఖర్చుకు పరిమితి ఉన్న రెండో తరగతి కారు, మొత్తం రేసుకే ముందు నిలిచింది. చివరికి పోర్షే దాన్ని దాటి గెలిచింది కానీ, ఆ పోర్షే కూడా ముందు ఇరుసు మోటార్ మార్చడానికి దాదాపు గంటసేపు గ్యారేజీలో ఉంది. అన్ని కోట్లు పెట్టి కొన్న అదనపు సామాను వల్లే కారు ఆగితే, అది ఎందుకు?

ఇంకో మాట. 2012లో మన కరుణ్ చంధోక్ హైబ్రిడ్ లేని ప్రైవేట్ టీమ్ కారులో లెమాన్స్ నడిపి, తోటి డ్రైవర్లతో కలిసి మొత్తం మీద 6వ స్థానంలో వచ్చాడు. చిన్న టీమ్‌కు అలాంటి చోటు దక్కాలంటే హైబ్రిడ్ పోవాలి. నా అభిప్రాయం ఇదే.

కాజీపేట లోకో (రిటైర్డ్)

తమ్మీ, ఖర్చు సంగతి నిజమే. కానీ తప్పు హైబ్రిడ్‌ది కాదు.

నేను సర్వీసంతా ఎలక్ట్రిక్ ఇంజిన్ల మధ్యే గడిపాను. మన స్టేషన్ మీదుగా పోయే డబ్ల్యూఏపీ-7 రైలు ఇంజిన్‌కు బ్రేకు వేస్తే, దాని మోటార్లే జనరేటర్లయి కరెంటును తిరిగి పైతీగలోకి పంపుతాయి. కారుకు పైతీగ లేదు కాబట్టి ఆ కరెంటును బండిలోనే దాచుకోవాలి. ఆడి దాన్ని గిర్రున తిరిగే ఫ్లైవీల్ అనే చక్రంలో దాచింది. టొయోటా సూపర్ కెపాసిటర్‌లో, పోర్షే లిథియం బ్యాటరీలో. ఒకే పనికి మూడు దారులు, మూడూ ఒకే ట్రాక్ మీద. ఇంజనీరింగ్ మీద ప్రేమున్నవాడికి అంతకంటే ఏం కావాలి?

2014 రూల్స్‌లో ల్యాప్‌కు 2, 4, 6, 8 మెగాజౌళ్లని నాలుగు మెట్లుండేవి. కరెంటు ఎక్కువ వాడే మెట్టు ఎంచుకుంటే పెట్రోల్ తక్కువ ఇచ్చేవారు. 8 మెగాజౌళ్లంటే మన లెక్కలో 2.2 యూనిట్లు. పొలంలో 5 హెచ్‌పీ మోటార్ అరగంటకు పైగా నడిచే కరెంటు. దాన్ని మూడున్నర నిమిషాల్లోపు ల్యాప్‌లో బ్రేకుల నుంచి, పొగగొట్టం వేడి నుంచి పట్టుకుని మళ్లీ చక్రాలకు ఇచ్చేవారు.

ఖర్చు ఎందుకు పెరిగిందంటే, ఎంత పరిశోధన చేస్తే అంత వేగం వచ్చేలా రూల్స్ ఉన్నాయి. హద్దు లేదు. పైగా ఆడి, పోర్షే రెండూ ఫోక్స్‌వ్యాగన్ గ్రూపువే. 2015లో డీజిల్ పొగ మోసం బయటపడి ఆ గ్రూపు మీద జరిమానాల భారం పడింది. ఆ సంగతి వదిలేసి మొత్తం తప్పు బ్యాటరీ మీద వేయడం న్యాయం కాదు.

కరీంనగర్ టొయోటా అభిమాని

2016 గుర్తు చేసుకోండి. టొయోటా ముందుంది, ఇంకో మూడు నిమిషాల చిల్లర మిగిలింది, స్టార్ట్ లైన్ దగ్గరే బండి ఆగింది. పోర్షే దాటిపోయింది. నాకు ఇప్పటికీ ఆ దృశ్యం చూడబుద్ధి కాదు. కారణం ఏంటని తర్వాత టొయోటా చెప్పింది: టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు పోయే గాలి పైపు జాయింట్. బ్యాటరీ కాదు, మోటార్ కాదు. ఆ జాయింట్ మామూలు టర్బో బండిలో కూడా ఉండేదే.

ఆటోనగర్ షెడ్డు, వరంగల్

ఆ పైపు సంగతి ఒప్పుకుంటున్నా అన్నా. అలాంటి జాయింట్ ఊడిన బళ్లు మా దగ్గరికీ వస్తాయి.

కాజీపేట సార్, మీకో ప్రశ్న. రేసులో నేర్చుకున్నది రోడ్డు కారుకు వస్తుందని కంపెనీలు చెప్తాయి. టొయోటా ప్రియస్ 1997లో వచ్చింది, లెమాన్స్‌లో హైబ్రిడ్ గెలిచింది 2012లో. రోడ్డు మీద ముందే ఉన్నదాన్ని రేసుకు తీసుకెళ్లారు కదా? మరి రోడ్డు కోసమే ఆ ఖర్చంతా అని ఎలా నమ్మాలి?

నిట్ మెకానికల్, ఫైనల్ ఇయర్

అన్నా, రెండు వైపులా జరిగింది. పోర్షే 919 రేసు కారు 800 వోల్టుల మీద నడిచింది. 2019లో వచ్చిన టైకాన్ రోడ్డు కారు కూడా 800 వోల్టులదే. వోల్టేజీ పెంచితే అదే శక్తికి తక్కువ ఆంపియర్లు చాలు, తీగ సన్నబడుతుంది, వేడి తగ్గుతుంది.

అసలు విషయం వేరే. మనం వాదిస్తున్న రూల్స్ ఇప్పుడు లేవు. 2021లో హైపర్‌కార్ క్లాసు వచ్చింది. ఇందులో చక్రాలకు అందే మొత్తం శక్తికి హద్దు పెట్టారు, సుమారు 500 కిలోవాట్లు. ఇరుసు దగ్గర సెన్సర్లు పెట్టి కొలుస్తారు. కరెంటు మోటార్ ఎంత ఇస్తే ఇంజిన్ అంత తగ్గాలి. హైబ్రిడ్ మీద ఇంకో వంద కోట్లు పోసినా అదనపు శక్తి రాదు. కాజీపేట సార్ చెప్పిన హద్దు లేని ఖర్చుకు తాళం పడింది అక్కడే.

ఈ క్లాసులోకి కారు సొంతంగా చేసుకుని రావడం ఒక దారి. ఎల్‌ఎండీహెచ్ అనే రెండో దారిలో ఇంకా చవక. వెనక ఇరుసుకు 50 కిలోవాట్ల మోటార్, అందరికీ బాష్ కంపెనీదే. బ్యాటరీ ఒకటే, గేర్‌బాక్స్ ఒకటే. ఛాసిస్ నాలుగు కంపెనీల్లో ఒకదాని దగ్గర తీసుకోవాలి. ఫలితం చూడండి: 2017లో 6 కార్లున్న టాప్ క్లాసులో 2024 నాటికి 23 కార్లు. అన్న కోరుకున్న చిన్న టీమ్ సంగతి కూడా. లెమాన్స్ కూడా భాగమైన ప్రపంచ సిరీస్‌లో 2024 స్పా (బెల్జియం) రేసును జోటా అనే ప్రైవేట్ టీమ్ గెలిచింది, పోర్షే దగ్గర కొన్న హైబ్రిడ్‌తో. పోర్షే 919 కారు నడిచిన కాలంలో బయటి టీమ్‌కు అలాంటి కారు అమ్మిందే లేదు.

హైబ్రిడ్ వద్దనుకున్నవాళ్లను కూడా ఆపలేదు. ఆస్టన్ మార్టిన్ వాల్కైరీ 6.5 లీటర్ల వీ12 ఇంజిన్‌ది, కరెంటు మోటార్ లేదు. 2025 లెమాన్స్‌లో రెండు కార్లూ రేసు పూర్తి చేశాయి. ఆ ఇంజిన్ చప్పుడు వింటే మీరు హాయిగా నిద్రపోతారు అన్నా.

కరీంనగర్ టొయోటా అభిమాని

తమ్ముడూ, ఆ తాళానికి ఇంకో పేరు బ్యాలెన్స్ ఆఫ్ పెర్ఫార్మెన్స్. వేగంగా పోయే కారుకు బరువు పెంచుతారు, శక్తి తగ్గిస్తారు. ఫెరారీ 2023, 2024, 2025 వరుసగా గెలిచింది. బాగా చేసిందా, లెక్క కలిసొచ్చిందా అనే అనుమానం ఎప్పటికీ పోదు. 2016లో ఓడినప్పుడు ఏడ్చాను కానీ, ఆ అనుమానం మాత్రం లేదు. ఖర్చు తగ్గడానికి మనం ఇచ్చుకున్నది ఇదే, నాకు ఇది చిన్న సంగతి కాదు.

కాజీపేట లోకో (రిటైర్డ్)

ఈ బాధ నాకూ ఉంది. ఫ్లైవీల్ మళ్లీ చూడను.

ఆటోనగర్ షెడ్డు, వరంగల్

జోటా గెలుపు నేను చూశాను, కానీ ఇలా ఆలోచించలేదు. ఒక్క టెన్షన్ మాత్రం పోలేదు. చవక రూల్స్ ఉన్నా లంబోర్గిని 2024 తర్వాత ప్రపంచ సిరీస్ నుంచి తప్పుకుంది, 2025 తర్వాత పోర్షే ఫ్యాక్టరీ టీమ్ కూడా. కంపెనీ పోయాక, కారు కొన్న చిన్న టీమ్‌కు మోటార్ కాలిపోతే స్పేర్ ఎవరిస్తారు? మా షెడ్డులో కంపెనీ మూతపడిన బళ్లు ఏళ్ల తరబడి నిలబడి ఉంటాయి.

నిట్ మెకానికల్, ఫైనల్ ఇయర్

ఆ మోటార్ పోర్షేది కాదు కదన్నా. బీఎండబ్ల్యూలో, క్యాడిలాక్‌లో, ఆల్పీన్‌లో ఉన్నదే పోర్షేలోనూ ఉంది. ఒకరు పోయినా మిగతావాళ్ల కోసం ఆ సామాను తయారవుతూనే ఉంటుంది.

ఆటోనగర్ షెడ్డు, వరంగల్

అలాగైతే ఆ 50 కిలోవాట్ల మోటార్‌కు నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నా. ఫెరారీ, టొయోటా, ప్యూజో ముందు ఇరుసుకు సొంతంగా చేసుకునే 200 కిలోవాట్ల మోటార్‌కు ఈ భరోసా లేదు. ఇక నేను వద్దనేది దాన్నే. దాన్ని కూడా అందరికీ ఒకటే చేయొచ్చా? కాజీపేట సార్, మీరు ఒప్పుకోరని తెలుసు, అయినా అడుగుతున్నా.